దేముడమ్మ సంతానం

యుగంధర్ బావకు,

పైథాన్‌లో నువ్వు రాసిన ప్రోగ్రామ్ అద్భుతంగా పనిచేసింది. తుపాను బియ్యం కోసం నేను టైపు చేసి పంపిన మన పేట జాబితాను చదివి, ఇంటికో కొమ్మగా చెట్టు కట్టమంటే, ఏకంగా కొత్త వంశాన్నే పుట్టించింది.

జాబితాలో మొదటి పేరు పిల్లాజెల్లా లేని దేముడమ్మది. ఆవిడ వివరాల చివర, ఈ ఇల్లు ఇక్కడితో అయిపోయిందని చెప్పే ముగింపు ట్యాగు పెట్టడం నేను మరిచాను. ఒప్పుకుంటున్నాను. దాంతో మిగతా తొంభై కుటుంబాలూ ఆవిడ ఇంట్లోకి దూరి, ఆవిడ పిల్లలైపోయాయి. తప్పు కనబడగానే ఆగి అరవాల్సిన ప్రోగ్రామ్‌ను, ఆఫీసరుగారు విసుక్కుంటారని, నోరు మూసుకుని సాగిపొమ్మని రాసిన నీ తెలివికి దండం.

నిన్న శ్రీకాకుళం నుంచి వ్యాను వచ్చింది. బియ్యం తెచ్చినాయన కాగితం చూసి, "ఒకటే ఇల్లు, ఒకటే బస్తా" అన్నాడు.

దేముడమ్మకన్నా పదేళ్ళు పెద్దవాడైన అసిరయ్య మావ, "నాను ఈయమ్మకి కొడుకునేటి బాబూ?" అని అడిగాడు.

"కంప్యూటర్ అలాగే సెప్తన్నాది" అన్నాడాయన.

దేముడమ్మ ఆ ఒక్క బస్తా విప్పి, పేటంతటికీ గంజి కాయడం మొదలుపెట్టింది.

ట్యాగు మూసిన ఫైలును పెన్‌డ్రైవులో పెట్టి అసిరయ్య మావకిచ్చి పంపుతున్నాను. నువ్వు ఆ ప్రోగ్రామ్ నోరు తెరిపించి, కొత్త జాబితా ఈరోజే ఆఫీసులో ఇవ్వు.

"రేపట్నుంచి నీకు పిల్లలుండరు పెద్దమ్మా" అని నేను చెప్తే, దేముడమ్మ గంజి కలుపుతూనే అంది: "ముందు ఆళ్ళకి బియ్యం రానీయే. అప్పుడు తీసెద్దురు గాని."

ఇంకా కోపంగానే,
నీ మరదలు