ఏ చాలు?

కాత్యాయని మేడం గారికి,

విద్యాశాఖ ఆఫీసులో తెలుగూ గుజరాతీ రెండూ వచ్చినవారు మీరే కనుక రాస్తున్నాను. ఉన్ అనే ఊరి పక్కన, మగ్గాల మీద పనిచేసేవాళ్ల పిల్లలు చదివే మా చిన్న తెలుగు బడికి దీపావళి నుంచి టీచరు లేరు. మొన్న తనిఖీకి వచ్చిన సాహెబు, బడి నడుస్తోందా అని గుజరాతీలో అడిగారు: “నిశాళ్ చాలూ ఛే?”

మా అత్తమ్మ భాగీరథికి కోపమొచ్చింది. “చాలు సార్, చాలు! టీచర్ లేని బడేంది? పోరగాండ్లు ఉత్తగనే కూసుంటున్రు” అంది.

ఆయనకు మొదటి మాటే అర్థమైంది. బడి నడుస్తోందని సంతోషంగా రాసుకుని వెళ్లారు. ఇప్పుడు టీచరు అవసరం లేదంటున్నారు. “నా నోరే ముంచింది” అని అత్తమ్మ బాధ.

మేడం, పిల్లలు మన భాషలో చాలు అనకముందే, ఈ బడిని ఆయన భాషలో చాలూ చేయించండి.

ఇట్లు,
రెండో తరగతి సింధూజ తల్లి