రత్న నాకు మందు పెట్టలేదు

హిందూపురం

అన్న రామాంజికి తమ్ముడు హనుమంతు దండం పెట్టి రాసేది. నువ్వు, వదిన, పిల్లోళ్లు ఎట్లుండారు? అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? తనకల్లు పక్క వానలు పడినాయని విన్నా. శనక్కాయ విత్తినారా? నేను బాగుండానని రాస్తే అబద్ధమవుతాది. లేచి కూసోని రాసేంత బాగుండా, అంతే.

ఈ ఉత్తరం అమ్మ ముందర, వదిన ముందర గట్టిగా చదువు. నీకు కోపమొచ్చే చోట గుడక ఒక్క ముక్క దాటెయ్యొద్దు. నా కోపం నీ కోపం కంటే పెద్దది.

నా రోగానికి పేరు తెలిసింది. బెంగుళూరు ఆసుపత్రిలో పేగు ముక్క కోసి పరీక్షకు పంపించినారు. లింఫోమా అంట. క్యాన్సర్లో ఒక రకం. అది పేగులో రావడం శానా అరుదంట. డాక్టరమ్మ నా మంచం పక్కన కూసోని "మొదట్నుంచి చెప్పప్పా" అనింది. ఇన్నేండ్లలో నన్ను మొదట్నుంచి చెప్పమన్నది ఆయమ్మ ఒక్కతే. ఆయమ్మకు చెప్పిందే నీకూ చెప్తా, విను.

ఈడ పట్టుగూళ్లు ఉడకబెట్టి దారం తీసే పనిలో చేరిన ఏడాదికి మొదలయ్యింది. తిన్న గంటకు బొడ్డు చుట్టూ మెలిపెట్టి పిండినట్ల నొప్పి. రోజుకు ఐదారు సార్లు నీళ్ల బేదులు. గూళ్లు ఉడికే వాసనకు శానామందికి అట్లనే అవుతాదని మేస్త్రీ అనె. ఈడ ఒక డాక్టరు నా కడుపు మీద చెయ్యి గూడ పెట్టకుండా గ్యాస్ అని చెప్పె. రెండేండ్లు ఆ మాత్రలే మింగినా. ప్యాంటు నడుముకు నిలవక దారం కట్టుకుంటి. సాయంత్రమయితే జరం. ముద్దను చూస్తేనే భయం.

అప్పుడు నువ్వొచ్చినావు. నన్ను చూసి ఏడ్చినావు, అది మర్చిపోలేదు. ఏడ్చినోడివి ఆసుపత్రికి తీస్కపోకూడదా? పెనుకొండ దగ్గర పెట్టుడు మందు కక్కిచ్చే ఆయప్ప కాడికి తీస్కపోతివి. ఏందో ఆకు పసరు తాపినాడు. పేగులు నోట్లోకొచ్చేట్ల కక్కినా. దాంట్లో చెయ్యి పెట్టి వెంట్రుకలు చుట్టిన ఉండొకటి తీసి చూపిచ్చె. "ఇంట్లో ఆడమనిషే అన్నంలో కలిపి పెట్టింది" అనె. ఆ ఉండ ఆయప్ప వేళ్ల సందులోంచి వచ్చింది గానీ నా కడుపులోంచి కాదు. నువ్వు అదేమీ చూడలేదు. వెనక్కి తిరిగి నా పెండ్లాం మొగం చూసినావు.

రత్న మడకశిర పక్క పిల్ల, కన్నడం కలిపి మాట్లాడతాది, మీరు చూసిన సంబంధం కాదు. ఆమె తప్పు చేసిందనుకునేకి మీకు అది చాలింది. నన్ను ఊరికి తీస్కపోయినాక అమ్మ ఆమెను పొయ్యి కాడికి రానీలేదు. ఒక దినం ఆమె నాకు సంగటి పెట్టబోతే అమ్మ చెయ్యి పట్టుకోని, "ముందు నువ్వు తిను. నా కండ్ల ముందర తిను" అనె. పక్కింటోళ్లు నిలబడి చూస్తాండ్రి. రత్న నీళ్లు గూడ తాగకుండా నాలుగు ముద్దలు తినింది. వదిన నవ్వింది. నువ్వు గడపలో కూసోని బీడీ కాలుస్తాంటివి.

నేను చేసింది గూడ రాయల్ల. నేను నోరు మూసుకుంటి. హిందూపురం వచ్చినాక నెల దినాలు హోటల్లో తింటి. ఆమె వండింది వీధికుక్కకు పెట్టి, ఏమవుతాదో అని చూస్తి. కుక్క బాగా బలిసింది. నాకే తగ్గలేదు.

తర్వాత ధర్మవరంలో ఒక డాక్టరు పేగు టీబీ అనె. ఏ ముక్కా కోసి చూడలేదు. ఆరు నెలలు ఆ మాత్రలు మింగితే ఉచ్చ ఎర్రగా పోయె గానీ నొప్పి పోలేదు. ఒక మధ్యాన్నం పని కాడ కడుపులో ఏదో తెగినట్లయి పడిపోతి. పేగుకు బొక్క పడిందంట. రత్న నన్ను జీపులో ఏసుకోని బెంగుళూరుకు తీస్కపోయింది. ఆడ టెలిఫోన్ బూతులోంచి నీకు ఫోన్ చేస్తే, "మా వాణ్ణి ఏం చేసినావే?" అన్నావంట. ఆమె చెప్పలేదు. ఆమె తోడుకు పని కాడ్నుంచి వచ్చినామె చెప్పింది, నీ అరుపు బూతు బయటికి వినపడిందంట.

రోగం పేరు చెప్పిన పొద్దు నేను "బతుకుతానా?" అని అడిగినా. రత్న వేరే మాట అడిగింది.

"మేడం, ఇది తిండిలో ఏదన్నా కలిపితే వస్తాదా?"

డాక్టరమ్మకు అర్థం కాలేదు. రత్న మళ్లీ అడిగింది.

"లేదమ్మా. ఇది ఎవరో పెడితే వచ్చేది కాదు. ఒంట్లో ఉండే కణాలే అదుపు తప్పి పెరుగుతాయి."

"అయితే ఆ మాట కాగితం మీద రాసియ్యండి."

డాక్టరమ్మ ఎందుకని అడగలేదు. రాసి సంతకం పెట్టి ఇచ్చె. దాని నకలు ఇందులో పెట్టినా. ఇంగ్లీషులో ఉండాది, బడిలో సారుతో చదివిచ్చుకో.

ఇప్పుడు మూడు వారాలకొకసారి పోయి ఇంజెక్షన్లు ఎక్కిచ్చుకోని వస్తాండా. జుట్టంతా రాలిపోయింది, నోరంతా పుండ్లు. రత్న పనికి పోయే ముందర రాగిగంజి పల్చగా కాసి పెట్టి పోతాది, గుక్కెడు గుక్కెడు తాగుతాండా. రెండు కిలోలు పెరిగినా. బాగయితాదని డాక్టరమ్మ చెప్పలేదు. కాదనీ చెప్పలేదు.

నన్ను చూడాలని అమ్మ ఏడుస్తాందని విన్నా. రమ్మను. నువ్వూ రా. వచ్చినాక ముందు నా మంచం కాడికి రావద్దు. రత్న దగ్గరికి పోయి, తప్పయిందని చెప్పి, ఆమె పెట్టింది తిని, అప్పుడు రాండి. అది చేతగాకపోతే ఊర్లోనే ఉండండి. వచ్చేట్టుంటే మన చేని రాగులు ఒక సంచి తెండి, ఈడ దొరికేవాట్లో మట్టి ఎక్కువ.

అవ్వకు నా దండాలు. రత్నకు సంగటి తినిపిచ్చిన పొద్దు "ఆ పిల్ల జోలికి పోకండ్రా" అనింది అవ్వ ఒక్కతే. అమ్మ దీవెన నాకు కావల్ల. రత్నకు లేని దీవెనయితే నాకొద్దు. పిల్లోళ్లకు ముద్దులు.

నేను పోతే మీరేమంటారో నాకు తెలుసు. అందుకే తెలివి ఉండంగానే రాస్తాండా. నేను పోతే నన్ను చంపింది రోగం. నన్ను ఇన్ని దినాలు బతికిచ్చింది నా పెండ్లాం.

నీ తమ్ముడు,
హనుమంతు