గ్రహణానికి కోసిన ఫొటో

కొత్తవాడ, వరంగల్
మార్చి 1980

ప్రియమైన చిలుక బాపుకు,

రాజవ్వ రాయునది. అందరం క్షేమమని రాయాలనే ఉంది గానీ నా ఆయాసం తగ్గలేదు. మగ్గం ఎక్కిన కాసేపటికే ఊపిరి అందడం లేదు. టీబీ అని అత్త నా కంచం ఇంకా వేరుగానే పెడుతోంది. నా జబ్బు అంటుతుందని మన బిడ్డ చిలుక ధర్మసాగర్‌లో మా అమ్మ దగ్గరే ఉంది. పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని ఎన్నాళ్లయిందో.

నిన్న దవాఖానకు పోయాను. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఛాతీకి ఎక్స్‌రే ఫొటో తీయించి చాలాసేపు చూసింది. "నీకు టీబీ లేదు రాజవ్వా. ఊపిరితిత్తులకు పోయే రక్తనాళాల్లో బీపీ పెరిగినట్టుంది" అన్నది. రెండేళ్ల కింద తీసిన ఫొటో తెమ్మంది. పక్కపక్కన పెట్టి చూస్తే అది ఎంత తొందరగా పెరుగుతోందో తెలుస్తుందట. అక్కడే చిక్కొచ్చింది. మొన్న గ్రహణం చూడటానికి మీ తమ్ముడు సమ్మయ్య ఆ ఫొటోను ముక్కలుగా కోసి వాడంతా పంచిపెట్టాడు.

మీ రాజవ్వ

భీవండి
మార్చి 1980

ప్రియమైన రాజవ్వకు,

టీబీ లేదన్న మాట చదివి మిల్లులో సాంచా మగ్గాల మధ్యనే కూలబడి ఏడ్చాను. పక్కవాళ్లు ఏమైందని అడిగితే మంచివార్తే అన్నాను.

అయితే నాకొకటి అర్థం కాలేదు. బీపీ అంటే చేతికి పట్టీ కట్టి చూస్తారు గదా, ఫొటోలో ఎట్లా కనపడుతుంది? ఆ డాక్టరమ్మవి కండ్లా, దుర్భిణులా? ముక్కలన్నీ తిరిగి తెచ్చేదాకా సమ్మయ్యకు చాయ్ పోయకు.

నీ మొగిలయ్య

కొత్తవాడ
ఏప్రిల్ 1980

ప్రియమైన చిలుక బాపుకు,

చాయ్ బంద్ చేస్తే సమ్మయ్య ఇల్లిల్లూ తిరిగి ముక్కలు తెచ్చాడు. డాక్టరమ్మకు కావలసిన ముక్క మన వాడలోని భద్రమ్మ ఇంట్లో దొరికింది. డాక్టరమ్మ వాటిని లైటు పెట్టె మీద పేర్చుతుంటే సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆమె మాత్రం నవ్వకుండా "గ్రహణం మంచిగ కనపడ్డదా?" అని అడిగింది.

నాకు రెండు ఫొటోలూ పొగలాగే ఉన్నాయి. ఆమె వేలు పెట్టి చూపించాక తెలిసింది. పాతదాంట్లో సన్నగా ఉన్న నాళం కొత్తదాంట్లో బొటనవేలంత లావైంది. దాని కొసల కొమ్మలేమో బక్కచిక్కిపోయాయి. గుండెలో ఒక కవాటం ఇరుకై, రక్తం ముందుకు పోలేక వెనక్కి ఎక్కుతోందట. తూము పూడుకుంటే కాలువలో నీళ్లు ఎక్కినట్టు. ఒంటి మీద చిన్న గాటు పెట్టకుండానే లోపలి ఒత్తిడి కనిపెట్టిన ఆ మనిషికి చేతులెత్తి మొక్కాను.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి ఆ కవాటం వెడల్పు చేస్తారు. ఈ నెలలోనే కావాలి, ఇంకా ముదిరితే ఆపరేషన్ చేసినా ఫాయిదా ఉండదన్నది. ఇంటాయన సంతకం అడుగుతున్నారు. జల్ది రండి.

మీ రాజవ్వ

భీవండి
ఏప్రిల్ 1980

ప్రియమైన రాజవ్వకు,

డాక్టరమ్మ తెలివిగలదే, కాదనను. కానీ నీ ఛాతీ కోయనివ్వను. మా అక్క బక్కమ్మ ఇట్లాగే ఆయాసంతో దవాఖానకు పోయి, ఎడ్లబండిలో పీనుగై తిరిగొచ్చింది. అరుగు మీద నిలబడి చూశాను, ఇప్పటికీ మరవలేదు. టీబీ లేదు, అది చాలు. మందులు వాడు. నేను రాను, సంతకం పెట్టను. ఇది కోపం కాదు, భయం.

నీ మొగిలయ్య

హైదరాబాద్
మే 1980

ప్రియమైన చిలుక బాపుకు,

మీ ఉత్తరం చదివి నాకూ భయం పట్టుకుంది. అత్తకు చదివి వినిపించాను. ఉత్తరం తీసుకుని మడతపెట్టింది. తర్వాత అన్నది:

"వాడప్పుడు చిన్నోడు, వానికేం ఎరుక. నా బిడ్డ దవాఖానకు పోయినందుకు సావలేదు. టీబీ అని కంచం ఏరు చేసి, ఇంట్లనే పండవెట్టి, ఆఖరికి కొనూపిరి మీద తీస్కపోయినం. గప్పుడు గీ డాక్టరమ్మ ఉంటే నా బక్కమ్మ బతుకుతుండె. నిన్ను గట్ల పోనియ్య."

నాతోపాటు రైలెక్కింది. ఆపరేషన్ కాగితం మీద నేను సంతకం చేశాను, పక్కన పెద్దదిక్కుగా ఆమె వేలిముద్ర వేసింది. కొడుకు మాట కాదని కోడలికి అండగా నిలబడ్డ ఆ తల్లిని ఇన్నాళ్లూ నేను సరిగ్గా చూడనేలేదు.

ఆపరేషన్ అయింది. నిన్న వరండా చివరిదాకా ఆగకుండా నడిచాను. మగ్గం మీద ఊపిరందక మానేసిన పదం పాడమంటే ఇప్పుడు పాడగలను.

మీ సంతకం అవసరం తీరిపోయింది. మీ అవసరం తీరలేదు, రండి.

మీ రాజవ్వ