వెనక పడుకున్న మనిషి

క్వార్ట్‌జ్‌సైట్, అరిజోనా
డిసెంబరు 9, 1993

ప్రియమైన లవాన్ అక్కకు,

ఈసారీ ఇల్లంతా మా మోటార్‌హోమ్ బండిలోనే వేసుకుని చేరాం. డకోటాలో పారలతో మంచు తోసుకుంటున్న మీ అందర్నీ తలుచుకుని నవ్వుకుందామనుకున్నాను గానీ, ఇక్కడా రాత్రయితే ఎముకలు కొరికే చలే. పగలు చూస్తే గాలి, దుమ్ము. పోయిన ఏడాది మా పక్కనే బండి ఆపుకున్న ఐడహో వాళ్ళు ఈసారి రాలేదు. ఆయన పోయాడట. సాయంత్రం బండ్లవాళ్ళం అందరం కుర్చీలు బయటికి లాక్కుని కూర్చునే చోట సగం ఖాళీ.

అక్కా, ఇది నీకొక్కదానికే చెబుతున్నాను. వెండెల్‌కి మతి తప్పుతోంది. బండిలో అరలన్నిటికీ కాగితాలు అంటించాడు: చెంచాలు, ఉప్పు, కాఫీ పొడి. ఇన్నేళ్ళ కాపురంలో ఉప్పెక్కడుందో తెలియని మనిషా! "ఇవేం పనులు?" అంటే "ఉండనీవే, పనికొస్తాయి" అంటాడు. తాళంచెవి నిద్రలో కూడా జేబులోనే. గ్యాస్ పొయ్యి దగ్గరికి నన్ను రానివ్వడు. నిన్న వంటంతా తనే చేసి, నేను తింటుంటే నా వంకే చూస్తూ కూర్చున్నాడు. లోపల్లోపల ఎంత భయపడుతున్నాడో పాపం.

నేను గట్టిగానే ఉన్నాను. ఒకరికి ఇలా అయితే రెండోవాళ్ళయినా గట్టిగా ఉండాలి కదా. డ్వేన్‌కి మాత్రం చెప్పకు. నా కడుపున పుట్టినవాడే అయినా వాడి సంగతి నాకు తెలుసు. బండి అమ్మేసి తండ్రిని వృద్ధాశ్రమంలో పడేస్తాడు. నేను పురుటికి ఆసుపత్రిలో ఉన్నప్పుడు తప్ప మేమిద్దరం ఎప్పుడూ విడిగా పడుకోలేదు. ఈ ఒక్క శీతాకాలం మమ్మల్ని కలిసి ఉండనీ.

నీ చెల్లి,
ఆర్డిస్


బిస్మార్క్, నార్త్ డకోటా
డిసెంబరు 20

నా పిచ్చి ఆర్డిస్‌కి,

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు అందాయి. రెండింటిలోనూ ఐడహో వాళ్ళ కబురే, ఉప్పు కాగితాల గొడవే. ఎంత బెంగపడుతున్నావో అర్థమైంది.

నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా ఆడిపోసుకుంటారా, మొన్న చర్చిలో డ్వేన్ కనబడి "అమ్మావాళ్ళు ఎలా ఉన్నారు, పెద్దమ్మా?" అంటే, "వాళ్ళకేంరా, దర్జాగా ఉన్నారు" అని అబద్ధమాడాను. అదీ చర్చిలో! నీ కోసం నరకానికైనా పోతాను గానీ, ఆ మనిషి చేతికి మాత్రం బండి ఇవ్వకు. అంత పెద్ద మోటార్‌హోమ్, పక్కన లారీలు, కాస్త ఏమరుపాటుగా ఉంటే ఇంకేమైనా ఉందా? తాళంచెవి లాక్కో. మొగుడని మొహమాటపడకు. బండి నువ్వే నడుపు.

నా మోకాళ్ళ సంగతి అడగకు. చలి ముదిరేకొద్దీ ఇంట్లోనే కూర్చుని మీ గురించే ఆలోచిస్తున్నాను. రాస్తూ ఉండు.

నీ అక్క,
లవాన్


లార్డ్స్‌బర్గ్, న్యూ మెక్సికో
జనవరి 11, 1994

అక్కా, నా బంగారు తల్లీ,

దస్తూరీ చూసి కంగారుపడకు. నిన్న పెట్రోలు బంకులో వెండెల్ నన్ను వదిలేసి వెళ్ళిపోయాడు.

బండి ఆగితే పక్క తలుపులోంచి దిగి బాత్‌రూముకి వెళ్ళాను. నేనింకా వెనక తెర చాటున మంచం మీదే ఉన్నాననుకున్నాడు. తిరిగొచ్చేసరికి బండి లేదు. నా కోటు కూడా అందులోనే. ఎడారిలో ఎక్కడ నలుగురు బండ్లవాళ్ళు చేరినా, పెళ్ళాన్ని బంకులో మరిచిపోయినవాడి కథ ఒకటి చెప్పుకుని పగలబడి నవ్వుతారు. నేనూ ఎన్నిసార్లు నవ్వానో. నిన్న మాత్రం నవ్వు రాలేదు.

"కూర్చోండి, వచ్చేస్తారు లెండి" అంటూ బంకులో అమ్మాయి కాఫీ ఇచ్చింది. చీకటి పడింది. ఏ లోయలో పడ్డాడో, ఏ లారీకి గుద్దుకున్నాడో అని అద్దానికి మొహం ఆనించి నిలబడ్డాను. చివరికి పోలీసులు వెంటబెట్టుకొచ్చారు. ఇద్దరం ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చాం.

ఇక నా వల్ల కాదక్కా. ఆయన్ని నేనొక్కదాన్నే చూసుకోగలనని ఎంత విర్రవీగానో! డ్వేన్‌కి చెప్పెయ్. తర్వాత మేం ఆగేది మళ్ళీ అరిజోనాలోనే, బెన్సన్‌లో. అక్కడి పోస్టాఫీసుకి రాయి, అడిగి తీసుకుంటాను.

నీ
ఆర్డిస్


బిస్మార్క్
జనవరి 19

ప్రియమైన చెల్లికి,

చెప్పేశాను. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని డ్వేన్ నా మీద అరిచాడు, తర్వాత నా వంటగదిలోనే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇక్కడి ఆశ్రమంలో తండ్రికి గది ఖాయం చేశాడు. ఒక్కరికి సరిపోయే గదే. నువ్వు నా దగ్గరుందువు గాని. డ్వేన్ ఫిబ్రవరి ఐదున విమానంలో టూసాన్‌లో దిగి, అక్కణ్ణుంచి మీ దగ్గరికొస్తాడు.

నిన్ను చీకట్లో కోటు కూడా లేకుండా వదిలేశాడని చదివి ముందు వెండెల్ మీద ఒళ్ళు మండింది. ఆ తర్వాత ఆయన మొహం గుర్తొచ్చి జాలేసింది. వాడొచ్చేదాకా ఆయనకేం చెప్పకు. చెబితే తట్టుకోలేడు.

నీ అక్క,
లవాన్


బెన్సన్, అరిజోనా
జనవరి 25

లవాన్ వదినకు,

ఇది రాస్తున్నది నేను, వెండెల్‌ని. మీ ఉత్తరం పోస్టాఫీసు నుంచి తెచ్చిందీ నేనే, విప్పిందీ నేనే. తిట్టుకుంటే తిట్టుకోండి.

బంకులో మిగిలిపోయింది ఆర్డిస్ కాదు వదినా, నేను. వెనక నిద్రపోతోంది కదా అని తాళంచెవి బండికే వదిలేసి బాత్‌రూముకి వెళ్ళాను. ఈలోగా లేచి నడుపుకుంటూ పోయింది. పోలీసులు చూసేసరికి బండి రోడ్డు మీదే ఆగి ఉందట. అద్దం దించి, "మెల్లగా మాట్లాడండి బాబూ, మా ఆయన వెనక పడుకున్నాడు, ఒంట్లో బాగాలేదు" అందట. కాఫీ ఇచ్చిన అమ్మాయి సంగతీ, అద్దం దగ్గర నిలబడ్డ సంగతీ ఆ రాత్రి తనకి నేను చెప్పుకున్నవే. తెల్లారేసరికి అవి తనవైపోయి, తిరిగి నాకే చెప్పింది. మీకూ అలాగే రాసి ఉంటుంది.

జబ్బు ఆర్డిస్‌ది. పోయిన వేసవిలో డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. బయటికొచ్చాక కారు పట్టుకుని ఏడ్చింది. "ఒక్క శీతాకాలం ఎడారికి తీసుకెళ్ళు, మా అక్కకి చెప్పకు" అంది. సరేనన్నాను. దారిలో ఎక్కడో ఆ మాట తారుమారైంది. ఇద్దరిలో ఒకరికి జబ్బని గుర్తుంది, ఎవరికో మరిచిపోయింది. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని "భయపడకు, నేనున్నానుగా" అంది. నేను కాదనలేదు, సరేనని తలూపాను. అప్పటిదాకా అర్ధరాత్రి లేచి ఏడ్చేది. ఆ రోజు నుంచి మానేసింది. లేచి నా దుప్పటి సర్దుతోంది. మొగుణ్ణి చూసుకోవాలన్న పట్టుదలే తనని నిలబెడుతోంది. అది కూడా లాక్కుంటే ఇక ఏం మిగులుతుంది చెప్పండి?

డ్వేన్‌ని రానివ్వండి. నాకూ ఓపిక అయిపోయింది. వాడికి ఈ ఉత్తరం చూపించి, ఆ గది వద్దని చెప్పి ఇద్దరికి పట్టేది అడగమనండి. ఆర్డిస్ దగ్గర మాత్రం వాడూ మీరూ నోరు జారొద్దు. తనను చేర్చడానికని తెలిస్తే ఆ గుమ్మం దాటదు. ఎవరి మాటా వినే మనిషి కాదు, మీకు తెలియనిదా? నన్ను చేర్చడానికని చెబితే, తనే నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళుతుంది.

మీ మరిది,
వెండెల్