పిలిచేది లచ్చవ్వ

బహమన్ 3, 1353 ఫసలీ (1943 డిసెంబరు)

గ్రంథాలయం కమిటీ సమావేశం. మూడు గంటలు. అందులో రెండున్నర గంటలు వార్షికోత్సవానికి ఎవరి మెడలో దండ ముందు వెయ్యాలన్న చర్చ. చివరికి ఒక పని నా మీద పడేశారు — నల్లగొండలో, చుట్టుపట్ల ఏ కళ ఎక్కడ చూడవచ్చు, ఏ విద్య ఎక్కడ నేర్చుకోవచ్చు, ఒక పట్టిక. కరపత్రంగా అచ్చు వేసి పంచుతారట. యుద్ధం వల్ల కాగితం కరువు కనుక ఒక్క పేజీ మించరాదు.

కార్యదర్శి కిషన్‌రావు వకీలు చిరునవ్వుతో, "పంతులుగారూ, మీకు తిరుగుడు అలవాటే గదా. బడిల నుంచి తీసేసిన కాన్నుంచి తీరిక గూడ ఉన్నది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చేదాకా ఆ నవ్వు నోట్లో చేదుగా ఉంది.

బహమన్ 5

తిరుగుడు మొదలు.

కుస్తీ తాలీం. ఉస్తాద్ ఎవరు వచ్చినా రానిస్తాడు. "మట్టికి మజహబేంది పంతులూ" అన్నాడు. రాసుకున్నాను.

అందమైన ఉర్దూ రాత నేర్పే మౌల్వీ. వాకిట్లో చాప, చాప మీద ఆరుగురు. కలం చెక్కడమే నెల రోజులు నేర్పుతాడు. నా చేతిరాత చూసి జాలిపడ్డాడు. కచేరీ ముందు కూర్చుని ఊరందరికీ అర్జీలు రాసిపెట్టి బతికేవాణ్ణి! అయినా రాసుకున్నాను.

నాటక సమాజం. హార్మోనియం ఉంది. తెర ఉంది. నాటకం లేదు. కృష్ణుడి వేషం ఎవరిదో తేలక ఆరు నెలలుగా రిహార్సల్ ఆగింది. ఇద్దరు కృష్ణులూ వేరువేరుగా నన్ను పక్కకు తీసుకెళ్ళి తమ పేరే రాయమన్నారు. ఎవరిదీ రాయలేదు.

భజన మండలి. తలుపుకు తాళం. యాదగిరిగుట్టకు పోయారట.

బహమన్ 6

"ఊరంత తిరిగి రాసుకొస్తరు. ఇంట్ల ఉప్పు లేదని ఎవరు రాయాలె?" — అనసూయ. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈమె వేసిన ఏ ప్రశ్నకు నేను సరైన జవాబు చెప్పాను గనుక.

బహమన్ 8

పాదిరీ ఆవరణ. కూలికి పోయే ఆడవాళ్ళు సాయంత్రం పలకలు పట్టుకుని కూర్చున్నారు. ఒకామె తెలుగు వాచకం చదివింది. తప్పు లేదు, తడబాటు లేదు. మన కమిటీలో సగంమంది ఆమె ముందు నిలబడలేరు. నాకు ఆ మతమూ అక్కర్లేదు, ఈ మతమూ అక్కర్లేదు. అక్షరం ఎవడు పంచితే వాడి పేరు రాస్తాను.

వస్తుంటే గోడ అవతల నుంచి తీగల వాద్యం. "ఏమిటది?" అని అడిగాను. "కిన్నెర. మాదిగవాడల కథ నడుస్తాంది. ఏటేటా నడుస్తది, ఎరుకలేదా పంతులూ?"

లేదు. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను. అంటరానితనం మీద పదకొండు వ్యాసాలు రాశాను. నాకు ఎరుక లేదు.

బహమన్ 9

మాదిగవాడకు వెళ్ళాను. కథ చెప్పేవాడు పోశయ్య, డక్కలి. జడ్చర్ల అవతలి నుంచి ఏటా కోతలప్పుడు వస్తాడు. మాదిగలకే చెప్తాడు, మాదిగల దగ్గరే అడుక్కుంటాడు. తాతల నాటి కట్టుబాటు.

రెండు గుంజల మధ్య పటం. పది పన్నెండు మూరల బట్ట, ఎర్రటి నేల మీద వరుసలు వరుసలుగా బొమ్మలు. పైనుంచి కిందికి విప్పుతూ, పుల్లతో చూపిస్తూ, కిన్నెర మీటుతూ చెప్పాడు. భూమి ఇంకా గట్టిపడక ముందే మాదిగ ఎలా పుట్టాడో, తర్వాత ఎలా మోసపోయాడో. మోసం దగ్గర ఆడవాళ్ళు గట్టిగా తిట్టారు — బొమ్మలోని వాళ్ళనో, నావైపు చూసో, తెలియలేదు. రెండూ న్యాయమే.

వీళ్ళకు చరిత్ర లేదని రాసినవాణ్ణి నేను. పోయినేడు, అచ్చులో. "చరిత్ర లేని జనం." ఆ వాక్యం చాలా బాగుందని నలుగురు మెచ్చుకున్నారు. థూ.

బహమన్ 10

మళ్ళీ వెళ్ళాను. వార్షికోత్సవం రోజు గ్రంథాలయం హాలులో కథ పెట్టిస్తాం రమ్మన్నాను పోశయ్యను. గొప్ప వరం ఇస్తున్నట్టు చెప్పాను.

పోశయ్య బీడీ ఆర్పాడు. "మీరు పెట్టిచ్చుడేంది పంతులూ? నేను మాదిగోల్ల బిడ్డను. వాళ్ళు పిలుస్తె వస్త. వాళ్ళే గొంగడి పరువాలె, వాళ్ళే దీపం ముట్టియ్యాలె, వాళ్ళే ముందల కూసోవాలె. మీరు రావొచ్చు... చుట్టాల లెక్క."

అంటే మన హాలులో వాళ్ళు పిలిచేవాళ్ళు. మనం పిలవబడేవాళ్ళం.

లచ్చవ్వ పకపకా నవ్వింది. వాడకు పెద్ద, చెప్పులు కుట్టే చేయి, నోరు అంతకన్నా పదును. "గా హాలు గోడలకు మట్టి తొక్కింది మేమే పంతులూ. గోడ లేసినంక లోపల కాలు పెట్టలే. మా అల్లునికి చదువొస్తది, పుస్తకమడిగితె కిటికీలకెల్లి ఇస్తరు. కోతికి పల్లీలు ఇచ్చినట్టు." నవ్వు ఆపి, "నేను పిలుస్త. మస్తు మందిని పిలుస్త. నువ్వు హాలు తెరిపియ్యి."

"తెరిపిస్తా" అన్నాను.

బహమన్ 12

కమిటీ. తొమ్మిది మంది, నేను. వాళ్ళ తల మీద, గోడకు, 'విద్య అందరిదీ' అన్న బోర్డు. కింద కూర్చున్నవాళ్ళ మాటలు ఇక్కడ రాసి పెడుతున్నాను, తర్వాత మేమనలేదంటారు.

"నాకేం అభ్యంతరం లేదు, కాని లోకం..."

"ఒకేసారి అంత దూరం పోవద్దు పంతులుగారూ. జర మెల్లగ."

"మన ఆడవాళ్ళు రారు."

"సభకు పోలీసు ఇజాజత్ దొరకదు. అమీన్‌సాబ్ ఒప్పుకోడు."

చివరికి కిషన్‌రావు, న్యాయమూర్తిలా గొంతు సవరించుకుని: పటం హాలులో కట్టవచ్చు. పోశయ్య నిలబడి చెప్పవచ్చు. మాదిగలు వరండాలో కూర్చుంటారు, తలుపులు తెరిచే ఉంచుతాం. ఆ తర్వాత, "పటం పాతదట గదా. మన బీరువల పెట్టుకుందాం. అపురూపమైన వస్తువు, భద్రంగ ఉంటది."

బట్ట లోపలికి రావచ్చు. మనుషులు రారాదు.

బల్ల గుద్దాను. సిరా ఒలికింది. బయటికి వచ్చేశాను.

బహమన్ 13

ఇది కూడా రాయాలి. ఎవరూ చదవరు గనుక రాయగలను. ఆ బీరువా మాట నాకు నచ్చింది. పొద్దంతా నచ్చింది. పటం అంచులు చిరిగిపోయాయి, చివరి వరుస బొమ్మలు మాసిపోయాయి. అద్దాల వెనక ఉంటే వందేళ్ళు నిలుస్తుంది కదా, మనుషుల సంగతి తర్వాత చూడొచ్చు కదా... తర్వాత. కిషన్‌రావు మాటే నా నోట్లో.

సాయంత్రం పోశయ్యను అడిగాను కూడా. సిగ్గు లేకుండా.

"బీరువల పెడ్తరా?" కిన్నెర పక్కన పెట్టాడు. "పంతులూ, పటం సచ్చిపోయింది. ముసలిదైంది, సచ్చింది. దినాలు చేసి మూసిల కలుపుతం, అమాస నాడు. మీ ఇంట్ల పీనుగను బీరువల పెట్టుకుంటరా?"

కొత్త పటం తయారుగా ఉందట. చిత్రకారుడు అన్నీ వేశాడు, కళ్ళు తప్ప. పాతది నీళ్ళలో కలిసిన తర్వాతే కొత్తదానికి కళ్ళు తెరుస్తారు. కళ్ళు లేని పటంతో కథ చెప్పకూడదు. పాత పటం మీద ఇక హాలులో చెప్పబోయే కథే ఆఖరిది. ఆ తర్వాత నది, ఆ తర్వాత కొత్త పటంతో మోత్కూరు వైపు ఊళ్ళు. కల్లాల్లో ధాన్యం ఉన్నప్పుడే ఆయనకింత గింజ దొరుకుతుంది, అదే ఏడాది తిండి.

అపురూపమైన వస్తువట. ఆయనకది మనిషి.

బహమన్ 15

కమిటీ అన్న మాట లచ్చవ్వకు చెప్పాను, అయినా లోపలికే పిలుస్తానంది. పిలుపు రాశాం. నేను రాసుకుపోయిన 'గ్రంథాలయం వారి ఆధ్వర్యంలో' అన్న మాట చదివి వినిపిస్తే లచ్చవ్వ కాగితం మీద చెయ్యి పెట్టింది.

"గది కొట్టెయ్. రాయి — మేం పిలుస్తున్నం."

"ఎవరు పిలుస్తున్నట్టు?"

"మాదిగవాడ లచ్చవ్వ. నా పేరు పెట్టు. వాళ్ళు సదివి మండిపోవాలె."

ఇరవై ఏళ్ళలో నేను రాసిన వాటన్నిటిలోకి చిన్నది. నాలుగు వరుసలు. ఒక్క విశేషణం లేదు.

బహమన్ 16

కచేరీ. అమీన్‌సాబ్‌కు అనుమతి అర్జీ, నా చేత్తో, ఉర్దూలో. చదివి, "ఇందులో రాజకీయం లేదు గదా?" అన్నాడు. లేదన్నాను. అబద్ధం. సంతకం పెట్టి ఇచ్చేశాడు, రెండు నిమిషాలు పట్టలేదు.

సర్కారు ఇచ్చింది. మనవాళ్ళు ఇవ్వలేదు. సర్కారును తిట్టుకుంటూ ఇన్నేళ్ళు ఎంత సుఖంగా గడిపాం!

బహమన్ 17

లచ్చవ్వ ఇంటింటికీ తిరిగి పిలిచింది. కిషన్‌రావు ఇంటి ముందు కూడా నిలబడింది. ఆయన కిటికీ మూసుకున్నాడట. "ఇగ ఆయిన కిటికీల ఉన్నడు, నేను బజార్ల ఉన్న" అని చెప్పి నవ్వింది.

మా గడప ముందుకూ వచ్చింది. "అమ్మా, కథకు పిలువొచ్చిన."

నేను లోపల గోడకు ఆనుకుని విన్నాను. నా ఉపన్యాసాలు వేయిమంది విన్నారు, ఇంట్లో ఈ ఒక్కమనిషికి ఒక్కటీ చెప్పలేదు. అనసూయ చేతిలో చేట కింద పెట్టింది. తర్వాత, "ఎన్ని గంటలకు?"

వస్తానన్నట్టా, కాదా? అడగలేదు. భయం.

బహమన్ 20

ఈ రోజే వార్షికోత్సవం.

హాలుకు తాళం. కిషన్‌రావు పొద్దున్నే బస్సెక్కి పట్నం పోయాడు, తాళంచెవి జేబులో వేసుకుని. వార్షికోత్సవం వాయిదా. తలుపు మీద చీటీ — 'అనివార్య కారణాల వల్ల'.

ఉతికిన బట్టలు కట్టుకుని వాడ వాడంతా వచ్చింది. పిలిచినవాళ్ళూ వచ్చారు — కుస్తీ ఉస్తాద్, తన ఆరుగురితో మౌల్వీ, పాదిరీ ఆవరణ ఆడవాళ్ళు. ఇద్దరు కృష్ణుల్లో ఒకడు. కమిటీ నుంచి ఒక్క పురుగు రాలేదు. అనసూయ వచ్చింది. నాతో రాలేదు, నా పక్కన నిలబడలేదు. ఆడవాళ్ళలో నిలబడింది.

అప్పుడు నేను నోరు తెరిచాను. "వరండా ఉంది కదా. ఇక్కడే చెప్పిద్దాం. వచ్చినవాళ్ళు వచ్చారు."

లచ్చవ్వ నావైపు తిరిగింది. "వరండల? వకీలన్న మాటనే నువ్వూ అంటున్నవా పంతులూ? బయట ఇనుడు మాకు కొత్తనా? లోపల అని పిలిచిన. లోపల్నే."

గొంగడి మడిచి చంకన పెట్టుకుంది. పోశయ్య ముడి విప్పని పటాన్ని భుజాన వేసుకున్నాడు. జనం వెళ్ళిపోయారు, తిట్టుకుంటూ కొందరు, ఊరికే కొందరు. నేను మెట్ల మీద.

బహమన్ 21

రాజీనామా రాశాను. నాలుగు పేజీలు, ఒక్కొక్కడి పేరూ పెట్టి. మంచి గద్యం. మాదిగవాడకు తీసుకుపోయి చదివాను కూడా.

లచ్చవ్వ చెప్పు కుడుతూనే వింది. "అయిపాయెనా? నువ్వు బయటికొస్తె లోపల మా దిక్కు కొట్లాడెటోడు ఎవడు? గా తొమ్మిది మంది మిఠాయి పంచుకుంటరు."

ఇంట్లో అనసూయ: "ఇది ఎన్నోది?"

నాలుగోది. బడి నుంచి కూడా తీసెయ్యలేదు నన్ను. వాళ్ళు తీసేసే లోపు నేనే విసిరికొట్టి వచ్చాను. ఊరు మరోలా చెప్పుకుంటుంది, నేనూ సరిదిద్దలేదు. విసిరికొట్టడం ఎంత తేలిక. ఉండిపోవడమే నాకు రాని విద్య. చింపేశాను.

బహమన్ 23. అమావాస్య.

పోశయ్య మూసీకి పోలేదు.

వెళ్ళమని నేనే పోయి బతిమాలాను. ఈ కథ ఆగిపోయినా పర్వాలేదు, పటం నీళ్ళలో కలుపు, కొత్తదానికి కళ్ళు తెరిపించు, ఊళ్ళ మీద పడు, లేకపోతే ఏడాదంతా ఏం తింటావు? అన్నాను.

"లచ్చవ్వ నలుగురిని పిలిచింది పంతులూ. ఆమె పిలుపు ఉత్తగ పోతె నేను డక్కలోన్ని ఎట్లయిత? ఆఖరి కథ చెప్పకుంట దీన్ని సాగనంపరాదు." పటం మూట గుడిసెలో, దూలానికి వేలాడుతోంది. కింద చిన్న దీపం. "పీనుగను ఇంట్ల పెట్టుకుని కూసున్నట్టే ఉన్నది. తలుపు తీస్తరా వాళ్ళు?"

దీపంలో నూనె పోసి వచ్చాను.  

బహమన్ 27

కరపత్రం అచ్చుకు వెళ్ళే ముందు కిషన్‌రావు రాతప్రతి చూపించమన్నాడు. పట్టికలో చివరి వరుస — 'పటం కథ. గ్రంథాలయం హాలు. పిలిచేది: మాదిగవాడ లచ్చవ్వ.' తేదీ దగ్గర ఖాళీ వదిలాను. ఆయన ఎర్ర పెన్సిల్ తీశాడు. నేను కాగితం వదల్లేదు. ఇద్దరం చెరొక అంచూ పట్టుకుని, నడివయసు మనుషులం, చాలాసేపు. కాగితం చిరగలేదు. పెన్సిల్ పెట్టి, "వచ్చే నెల, ఇస్ఫందార్ రెండున కమిటీ ఉన్నది, అక్కడ తేలుద్దాం" అన్నాడు.

ఇస్ఫందార్ 2

వెళ్ళాను. కూర్చున్నాను. సమావేశం వాయిదా — కిషన్‌రావుకు జలుబట. మిగతావాళ్ళు లేచిపోయారు. నేను లేవలేదు. దీపాలవేళకు బంట్రోతు వచ్చి తాళం వెయ్యాలి అన్నాడు. రేపు మళ్ళీ వస్తానన్నాను.

మోత్కూరు వైపు నుంచి వచ్చిన బండ్లవాళ్ళు చెప్పారు — కోతలు అయిపోయాయి, కల్లాలు ఊడ్చేశారు. పోశయ్య ఇంకా ఇక్కడే ఉన్నాడు.