పదును నాటి గద్దలు

2025 మే 19, సోమవారం

బెళుగుప్ప. గాలిమర కింద మా పెట్టె బిగించాం. లోపల మూడు రకాల చిప్పులు: మామూలు ప్రాసెసర్, జీపీయూ, ఎఫ్‌పీజీఏ. మూడింటికీ మూడు భాషలు. విడివిడిగా ప్రోగ్రామ్ రాస్తూ కూర్చుంటే పుణ్యకాలం గడిచిపోతుంది. అందుకే నా కంపైలర్. ఏం చేయాలో మామూలు మాటల్లో ఒక్కసారి రాస్తే చాలు. ఏ పని ఏ చిప్పుకో అదే పంచుతుంది.

పని ఒక్కటే. కెమెరాలోనో రాడార్‌లోనో పక్షి కనబడగానే గాలిమర రెక్కలు ఆపాలి.

ఆ రెక్కలు తగిలి చచ్చిన పక్షుల్ని ఏరేది ఇక్కడి కాపలాదారు ఓబులేష్. ఏం కృపమ్మా, ఈ డబ్బాకి నిజంగా కండ్లుండాయా అని అడిగాడు.

మే 22

గద్ద వచ్చింది. రెక్కలు ఆగాయి. అందరి ముందూ ఏడ్చేశాను.

జూన్ 3

సైటు మేనేజర్ భరత్‌కుమార్ వచ్చాడు. ఇక ఒక్క గద్ద పడినా పెట్టె ఊడబీకిస్తానన్నాడు. ఊడబీకితే నా నాలుగేళ్ల పని పోతుంది. గాలిమర మళ్లీ గుడ్డిదవుతుంది.

సాయంత్రం కంపైలర్ చేసిన పంపకం చదివాను. కదిలేదాన్ని వెతకడం ఎఫ్‌పీజీఏకి, అది పక్షో కాదో తేల్చడం జీపీయూకి. నేనైతే అలా పంచను. కొలిచి చూస్తే నా పంపకం కంటే దానిదే వేగం. నేను కట్టిందే కదా ఇది! ఒళ్లు జలదరించింది.

జూన్ 11

రాత్రి మంచి వాన. తెల్లారేసరికి నేలకు విత్తే పదును. ఊళ్లకు ఊళ్లే విత్తడానికి దిగాయి. ట్రాక్టర్ల వెనక పురుగుల కోసం కొంగలు, కాకులు, గద్దలు. ఆకాశం పట్టలేదు.

పెట్టె ఉక్కిరిబిక్కిరైంది. పంపకం ఒకటి రెండు పక్షులకని చేసింది. జీపీయూ దగ్గర క్యూ పెరిగిపోయింది. రెక్కలు ఆగేలోపే ఒక గద్ద పడింది.

ఈ జిల్లాలోని పామిడి పిల్లని నేను. పదును రోజు అమ్మ వెనకే చేలో నడిచినదాన్ని. దుక్కి వెనక కొంగలు రావడం నాకు కొత్తా? టెస్టులో మాత్రం ఒక్కో పక్షినే ఎగరేశాను, చదివిన పేపర్లలో అట్లాగే ఉందని. నా బుద్ధి గడ్డి తింది.

భరత్‌కుమార్ పెట్టె విప్పమన్నాడు. ఓబులేష్ అడ్డం పడ్డాడు. ఇంగొక పదును సూడు సార్, ఇన్నాళ్లూ ఒకటీ పడలేదు గదా, ముందు దినామూ ఏరతాంటి అన్నాడు. సరే, వచ్చే పదును దాకా అన్నాడు భరత్‌కుమార్.

జూన్ 18

పంపకం ముందే ఖాయం చేయడమే తప్పు. ఇప్పుడు కంపైలర్ చాలా పంపకాలు సిద్ధంగా ఉంచుకుంటుంది. కెమెరా, రాడార్‌లలో ఏ చూపు పనికొస్తోందో కొలుచుకుంటూ, నడుస్తూనే మారుతుంది. ఎప్పుడు మారాలో నేను చెప్పను. భయంగా ఉంది. పగ్గం నా చేతిలో ఉండేలా ఒక లైను రాశాను. మధ్యాహ్నం తీసేశాను.

జూన్ 27

వాన లేదు. మబ్బుల్ని చూసి చూసి మెడ పట్టేసింది.

జూలై 2, ఉదయం 8

పదును! మళ్లీ అదే జాతర. పెట్టె తట్టుకుంటోంది. స్క్రీను మీద పంపకం మారుతోంది, మళ్లీ మారుతోంది. ఏరు పారుతున్నట్టుంది, చూపు తిప్పుకోలేకపోతున్నాను. భరత్‌కుమార్ పానాలతో ఒక మెకానిక్‌ని కూడా తీసుకొచ్చాడు.

ఉదయం 10

గాలిమర ఆగింది. దగ్గర్లో ఒక్క పక్షీ లేదు. దండగ్గా ఆపింది సూడు అని భరత్‌కుమార్ గొణిగాడు.

స్క్రీను చూశాను. ఎండ కొట్టి ఏమీ కనబడని కెమెరాను వదిలేసి, పెట్టె జీపీయూ మొత్తాన్నీ రాడార్‌కు ఇచ్చేసింది. అలా చేయమని నేనెక్కడా రాయలేదు.

సూర్యుడిలోంచి గద్ద వచ్చింది. ఆగిన రెక్కల మధ్య నుంచి పోయింది.

తర్వాత భరత్‌కుమార్ మెకానిక్‌ని ఇంటికి పొమ్మన్నాడు.