తలుపు నెత్తిన రంగు లేదు

కోవిల్‌పట్టి, శనివారం

తమ్ముడు మారిసామికి, మురుగయ్య స్వామి దయవల్ల ఇక్కడ అందరం బాగుండాము.

ఫోనులో అయితే నువ్వు నన్ను చెప్పనివ్వవు, అందుకే కార్డు రాస్తున్నా. నువ్వు కొనాలనుకుంటున్న ఆ ఇంటికి వచ్చే శుక్రవారం అడ్వాన్సు ఇవ్వొద్దు.

నిన్న మన కుళందైసామి మేస్త్రిని వెంటబెట్టుకుని పోయి చూసినాను. అంతా కొత్త రంగు, గోడ మీద గీత కూడా లేదు. ఆయన గోడలు చూడనేలేదు. పక్కింట్లో స్టూలు అడిగి తెచ్చి, ఎక్కి, ప్రతి తలుపు నెత్తినా చెయ్యి పెట్టి తడిమినాడు.

"ఇల్లు కొనేవాళ్లు పూజగది చూస్తారు, ఈయనేంది తలుపులకు తలంటు పోస్తాడా?" అని ఇల్లు చూపిస్తున్న బ్రోకరు నవ్వినాడు. "అన్ని తలుపులూ చక్కగా పడతాయి గదా!"

"పడేటట్టు చెక్కినారయ్యా" అన్నాడు మేస్త్రి.

మూడు తలుపులకు పైఅంచు ఒకపక్క చెక్కి ఉంది, అక్కడ రంగు లేదు. నల్లరేగడిలో పునాది కదిలి ద్వారబంధాలు వంకరపోయినాయంట. వానలకు మూసుకున్న బీటల మీద రంగు పూసినారు, ఎండాకాలం మళ్లీ విచ్చుకుంటాయంట.

కళుగుమలై గుడిలో స్వామి ముందు పువ్వు వేసి అడిగితే, కొనమని తెల్లపువ్వు వచ్చింది గదక్కా అంటావు. వచ్చింది, వేసింది నేనే. స్వామి ఇల్లు కొనమన్నాడు, చూడకుండా కొనమనలేదు.

మరదలు పాండిసెల్వికి మోకాలినొప్పి తగ్గిందా? నా ఇత్తడి చెంబు మీ దగ్గరే ఉండిపోయింది, ఎవరన్నా విరుదునగర్ నుంచి వస్తే పంపించు. మీ ఇద్దరికీ స్వామి తోడుండాలి. ఇంకో ఇల్లు దొరికితే రాయి, మేస్త్రితో వస్తాను. ఈసారి స్టూలు నేనే తెస్తాను.

అక్క పుష్పం